కింది మడి డబ్బాలు

కల్చర్ గది,
కిటికీ పక్క బల్ల

అక్కా,

ఈ ఉత్తరాన్ని డబ్బాల పెట్టెలో అన్నిటికంటే పైన పెట్టాను. డబ్బాల కంటే ముందు నన్ను చదవాలని. ఫోన్ చేస్తే ఇద్దరం ఒకేసారి మాట్లాడి, ఇద్దరం ఒకేసారి అలిగి పెట్టేస్తాం. ఉత్తరమే నయం, ఇందులో నువ్వు నా మాటకి అడ్డు రాలేవు.

పెట్టెలో ఇరవై నాలుగు డబ్బాలున్నాయి. పన్నెండింటి మీద ‘పై మడి’ అని, పన్నెండింటి మీద ‘కింది మడి’ అని చీటీలు అంటించాను. చూడ్డానికి అన్నీ ఒకటే, పలచటి టీ నీళ్ళలా ఉంటాయి. కానీ పై మడివి పై మడికే పోయాలి, కింది మడివి కింది మడికే. కలిపేయకు. ఇక్కడి పద్ధతి అది. ఎందుకని అడగకు, చెప్పడం మొదలుపెడితే నీకు ఆవలింతలు వస్తాయి.

నువ్వు మందంటే చాలు, అన్నీ ఒకే డ్రమ్ములో కలిపి ఒకేసారి కొట్టేసే రకం. ఇది మందు కాదు. ప్రాణమున్న సూక్ష్మజీవులు. మట్టిలో ఉండేవే. వాటిలో మంచివాటిని ఏరి మేము ఈ కల్చర్ గదిలో సీసాల్లో పెంచుతాం. ద్రాక్ష వేళ్ళ చుట్టూ చేరి కాపురం పెడతాయి. వేరు కుళ్ళు తెచ్చే బూజు వచ్చేసరికి దానికి అక్కడ కాలు పెట్టడానికి చోటుండదు. మైలుతుత్తం కలిపిన డ్రమ్ములో పోస్తే ఇవి చస్తాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో పోసినా చస్తాయి. వేడి తగిలితే సరేసరి. ఎండ తగ్గాక, పాదు తడిపి, అప్పుడు పోయించు.

ఈ పని కత్తెర బాబాయ్‌కే అప్పజెప్పు. సొంత బాబాయ్ కాకపోయినా, నాన్నతో కలిసి పై మడి నాటిన చేతులు అవి. నాకు కత్తిరింపు నేర్పబోతే, కొమ్మకి నొప్పి పుడుతుందని నేను ఏడుపు లంకించుకోవడం, ఆయన ఆ పూట పని మానేసి నన్ను భుజాన వేసుకుని తోటంతా తిప్పడం నాకింకా గుర్తే. ఇప్పటికీ కత్తెర పట్టడం రాదు నాకు. ద్రాక్షతోటలో పుట్టి సీసాలు కడుక్కునే ఉద్యోగం చేస్తున్నానని నువ్వు ఎగతాళి చేస్తావు, చేసుకో.

నాన్న తీగలు ఈసారి తేరుకుంటాయి చూడు. రాసిపెట్టుకో.

చిన్నది


తోట ఇల్లు,
వంటగది గట్టు మీద

చిన్నదానా,

నీ టీ నీళ్ళు అందాయి. వ్యాన్ డ్రైవరు పెట్టెని తలకిందులుగా దించాడు, నీ ఉత్తరం అడుక్కి పోయింది. కాబట్టి నిన్ను ఆఖరునే చదివాను.

నేను సంతకి వెళ్ళిన రోజే బాబాయ్ పని అంతా ఒక్కడే కానిచ్చేశాడు. ఎండ తగ్గాక మొదలుపెట్టాడట, పొద్దు గూకే వేళకి నేను వచ్చేసరికి కింది మడిలో కొద్దిగా మిగిలింది. గట్టు మీద కూర్చుని చూశాను. మనిషికి వయసు మీద పడుతోందే. ప్రతి డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటున్నాడు. పై మడికి పోసేటప్పుడు ఈల వేస్తూ పోశాడని కలుపు తీసేవాళ్ళు చెప్పారు. కింది మడి దగ్గర మాత్రం నోరు విప్పలేదు. మధ్యలో లేచి వచ్చి, “పెద్దమ్మాయ్, ఇవి చిన్నమ్మాయ్ తన చేత్తోనే నింపిందా?” అని అడిగాడు. ఆ, అదే నింపింది, పది పేజీల ఉత్తరం కూడా రాసింది అన్నాను. “అయితే సరే” అని వెళ్ళి మిగతావి పోసేశాడు.

ఖాళీ డబ్బాలని కూడా వదల్లేదు. పై మడి డబ్బాలని మూడేసి సార్లు కడిగి, ఆ కడుగునీళ్ళని మోసుకెళ్ళి ఎక్కడో పోస్తూ తిరిగాడు. ఆయన పిసినారితనం నీకు తెలిసిందే.

కింది మడి మీద నాకు ఎంత ఆశ ఉందో నీకు చెప్పలేదు. నాన్న నాటింది పై మడి. అది నాకు అప్పగించిన తోట. కింది మడి రెండు వందల అంట్లు నేనూ బాబాయ్ నాటినవి, మూడేళ్ళు కడవలతో నీళ్ళు మోసి బతికించినవి. ఈ ఏడు మొదటి కాపు. అది నాది, చిన్నదానా. పెళ్ళి చేసుకోలేదు, పిల్లల్లేరు, ఆ ఆకులకే తల దువ్వుతావని అందరూ అంటారు. అననీ.

పెద్దది


కల్చర్ గది

అక్కా,

రెండో విడత డబ్బాలు పంపుతున్నాను. చీటీలు పోయినసారిలాగే ఉన్నాయి.

కింది మడి నీదని ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు? నేను తోటంటే నాన్న తీగలే అనుకుంటూ ఉన్నాను. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. సరేలే.

కింది మడి పల్లం కదా, నీళ్ళు నిలవనివ్వకు. కాలవ లోతు చేయించు. నీళ్ళు నిలిస్తే బూజుకి పండగే. నేనేదో చెప్తున్నానని విసుక్కోకుండా ఈ ఒక్క పని చెయ్యి.

మా పై అధికారి భూతద్దం మేడమ్ నిన్న నా బల్ల దగ్గరికి వచ్చి, “మీ అక్కగారి తోట ఎలా ఉంది?” అని అడిగింది. బావుందన్నాను. ఆవిడ ఏ కాగితమైనా కళ్ళద్దాల మీద ఇంకో అద్దం పెట్టి చదువుతుంది. అందుకే ఆ పేరు. మంచి మనిషే.

చిన్నది


తోట ఇల్లు,
పంపు షెడ్డు అరుగు

చిన్నదానా,

నీ మాట నిజమైంది. నాన్న తీగలు లేచి నిలబడ్డాయి. ముసలి మొదళ్ళ నుంచి అరచేయంత ఆకులు వేశాయి, చూస్తే కళ్ళు చెమర్చాయి. నువ్వు సీసాలు కడిగేదానివని ఇంకెప్పుడూ అనను.

ఇక రెండో మాట. కింది మడి పోతోంది.

మొదట ఆకు అంచులు పసుపు తిరిగాయి. నీళ్ళు ఎక్కువయ్యాయేమో అని కాలవ తవ్వించాను. వారంలో వరసలకి వరసలు వాడిపోయాయి. నిన్న ఒక తీగని పెకలించి చూశాను. వేళ్ళు నల్లగా, పట్టుకుంటే తోలు ఊడి వచ్చేస్తున్నాయి. అదే కుళ్ళు. నువ్వు రానివ్వనని రాసిందే.

ఒకే నేల, ఒకే నీళ్ళు, ఒకే డబ్బాలు. పైన పనిచేసింది కింద ఎందుకు పనిచేయదు? నాకు ఒక్కటే తోస్తోంది, అది అనుకోడానికి కూడా నోరు రావడం లేదు. గేటు పక్కన ఆరు తీగలు మాత్రం నవనవలాడుతున్నాయి. నేను పొద్దున్నా సాయంత్రం వెళ్తూ వస్తూ చూసే చోట, సరిగ్గా ఆ ఆరే. నాకు కనబడే చోట పోసి, మిగతా మడికి బాబాయ్ ఎగ్గొట్టాడా అని.

నువ్వు ఏమంటావు? నీకు తెలిసిన విద్య కదా, చెప్పు. నా అనుమానం తప్పయితే తప్పని చెప్పు. నేను ఎదురుచూస్తూ ఉంటాను.

పెద్దది


కల్చర్ గది

అక్కా,

తొందరపడి ఆయన్ని ఏమీ అనకు. మట్టి మట్టికీ తేడా ఉంటుంది. పల్లం నేల కదా, పోసినవి నిలదొక్కుకోకపోయి ఉండొచ్చు. ఇలాంటివి ఒక్కోసారి జరుగుతాయి. ఆ ఆరు తీగల సంగతి నాకూ అర్థం కావడం లేదు.

వివరంగా మళ్ళీ రాస్తాను. ఇక్కడ పని ఎక్కువగా ఉంది.

చిన్నది


తోట ఇల్లు

చిన్నదానా,

వివరంగా రాస్తానన్నావు. ఇరవై రోజులు చూశాను. ఈలోగా నూట తొంభై నాలుగు తీగలు పోయాయి. మిగిలింది ఆ ఆరే.

బాబాయ్‌ని పని మానిపించాను.

కలుపు తీసేవాళ్ళందరి ముందూ అడిగాను. అలా అడగకూడదని తెలుసు, అయినా అడిగాను. “పోశావా, పోయలేదా?” అన్నాను. “పోశాను పెద్దమ్మాయ్” అన్నాడు. “అన్ని పాదులకీ పోశావా?” అంటే “అన్నిటికీ” అన్నాడు. “మరి గేటు దగ్గర ఆరు మాత్రం ఎలా బతికాయి?” అన్నాను. దానికి తల దించుకున్నాడు. ఏదో ఒకటి చెప్తే బావుండేది. ఎదురు తిరిగినా బావుండేది. ఆ దించిన తల చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. “మా నాన్న ఉంటే ఇలా చేసేవాడివా?” అన్నాను.

అప్పుడు తలెత్తి చూశాడు. నడుముకున్న కత్తెర తీసి, పై పంచెతో తుడిచి, పంపు షెడ్డులో మేకుకి తగిలించి వెళ్ళిపోయాడు. ముప్పై నాలుగేళ్ళుగా ఆ కత్తెర ఆయన నడుమునే ఉంది. నీకు తెలుసు.

మూడు రోజులుగా అన్నం సయించడం లేదు. తప్పు చేసింది ఆయనైతే నాకెందుకు ఇలా ఉంది? నువ్వైనా నాలుగు మాటలు రాయి, నేను చేసింది సరైనదేనని.

పెద్దది


నా గది,
మంచం మీద

అక్కా,

సరైనది కాదు.

ఈ ఉత్తరం ఆరోసారి మొదలుపెట్టాను. ముందు రాసిన ఐదూ ఎక్కడో ఒకచోట ‘పల్లం నేల’ దగ్గరికి వెళ్ళి దాక్కున్నాయి. అందుకని ఇందులో మొదటి వాక్యంలోనే చెప్పేస్తున్నాను. బాబాయ్ తప్పేమీ లేదు. కింది మడి డబ్బాల్లో ఉన్నవి చచ్చిన సూక్ష్మజీవులు. వాటిని ఉడికించి చంపింది నేనే.

ఇక్కడి పద్ధతి ఇదీ అని చెప్పలేదు కదా, ఇప్పుడు చెప్తాను. ప్రతి తోటలో రెండు మళ్ళు తీసుకుంటారు. ఒక మడికి బతికున్నవి పంపుతారు, ఇంకో మడికి అవే ఉడికించి చంపి పంపుతారు. రెండిటికీ ఒకే రంగు. అప్పుడు కానీ బతికున్నవి నిజంగా పనిచేశాయో లేదో తేలదు. ఏ మడికి ఏది అనేది మేడమ్ స్టీలు గ్లాసులో చీటీలు వేసి తీస్తుంది. తోటవాళ్ళకి ఏది ఎక్కడో చెప్పరు, కానీ ఒక మడికి చచ్చినవి వస్తాయని మాత్రం ముందే చెప్పి సంతకం తీసుకోవాలి. ఆ సంతకం నీ బదులు నేను పెట్టాను. నీకు చెప్తే, ఒక మడికి మందు, ఒక మడికి కడుగునీళ్ళా అని ఒప్పుకోవనుకున్నాను.

అంతవరకే అయితే ఎలాగో బతికేదాన్ని. మన తోటకి చీటీ తీసినప్పుడు కింది మడికి బతికున్నవి వచ్చాయి. పై మడికి చచ్చినవి. నాన్న తీగలు అప్పటికే సగం ఎండి ఉన్నాయి. ఇంకో ఏడు ఆగవనిపించింది. మేడమ్ భోజనానికి వెళ్ళింది. నేను చీటీలు మార్చి అంటించాను. ఇరవై నాలుగు చీటీలు, పావుగంట పట్టింది. మంచి పనే చేస్తున్నాననుకున్నాను.

కింది మడికి రావలసిన ప్రాణాన్ని తీసి పై మడికి ఇచ్చాను అక్కా. అది నీదని తెలియక. తెలిశాక కూడా రెండో విడతలో అలాగే పంపాను, మధ్యలో మారిస్తే మేడమ్‌కి తెలిసిపోతుందని. అదే నా అసలు తప్పు. మొదటిది నాన్న మీద ప్రేమ అని చెప్పుకోవచ్చు. రెండోది వట్టి భయం.

నీ ఉత్తరంలో ‘నా అనుమానం తప్పయితే తప్పని చెప్పు’ అని ఉంది. ఆ వాక్యం కింద వేలు పెట్టుకుని కూర్చున్నాను. ఒక్క ముక్క రాస్తే ఆయన ఇవాళ తోటలో ఉండేవాడు. రాయలేదు. మేడమ్ పుస్తకంలో కింది మడికి బతికున్నవి పోసినట్టు ఉంది. బతికున్నవి పోస్తే తీగలు చచ్చాయని ఆవిడ తల పట్టుకుని కూర్చుంది, మిగతా పదకొండు తోటలకీ పంపడం ఆపేయాలా అని ఆలోచిస్తోంది. నేను ఆవిడకి టీ ఇచ్చి, అవును మేడమ్, అర్థం కావడం లేదు అంటున్నాను.

ఆ ఆరు తీగలు ఎలా బతికాయో మాత్రం నాకు నిజంగా తెలియదు.

నీకు మొహం ఎలా చూపించాలో తెలియడం లేదు.

చిన్నది


తోట ఇల్లు

నీ ఉత్తరం చదివాను.

తిట్టాలని కాగితం తీశాను. నీ మీద ఏ మాట రాయబోయినా, అది అందరి ముందూ ఆయన్ని నేను అన్న మాటే అయి కూర్చుంటోంది. నువ్వు దాచావు. నేను అడగవలసిన చోట అడగకుండా అరిచాను. ఇద్దరం ఒక కడుపునే పుట్టాం, సందేహం లేదు.

ముందు మీ మేడమ్‌కి చెప్పు. చెప్పాకే నాకు రాయి. అంతవరకూ నీ ఉత్తరం తెరవను.


కల్చర్ గది వెనక,
సీసాలు కడిగే చోటు

అక్కా,

చెప్పాను.

మేడమ్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. అద్దాల్లేకుండా ఆవిడ మొహం నేనెప్పుడూ చూడలేదు. “ఎన్ని డబ్బాలు?” అంది. నలభై ఎనిమిది అన్నాను. “మనం చీటీలు ఎందుకు తీస్తామో తెలుసా? మనకి ఇష్టమైన మడి అంటూ ఒకటి ఉంటుంది కాబట్టి” అంది. తర్వాత పుస్తకం తెరిచి, మన తోట పేజీ మీద అడ్డంగా గీత కొట్టింది. గీత కొడుతున్నంతసేపూ నన్ను అక్కడే నిలబెట్టింది.

ఉద్యోగం ఉంది. కల్చర్ గదిలోకి మాత్రం ఇక రానివ్వరు. ఇప్పుడు నిజంగానే సీసాలు కడుగుతున్నాను. నువ్వు ఎగతాళి చేయొచ్చు. చేస్తే బావుండును.

బాబాయ్‌కి ఉత్తరం రాద్దామనుకున్నాను. ఆయన చదవలేడు, ఎవరి చేతో చదివించుకోవాలి. నా తప్పు ఇంకొకళ్ళ గొంతుతో వినిపించడం ఏం బావుంటుంది? ఏం చేయాలో నువ్వే చెప్పు. ఏం చెప్పినా చేస్తాను.

చిన్నది


తోట ఇల్లు,
గేటు పక్క గట్టు

చిన్నదానా,

నిన్న బాబాయ్ దగ్గరికి వెళ్ళాను.

బస్సులు ఆగే చోటు వెనక ఒక మొక్కల నర్సరీలో ఉంటున్నాడు. రేకుల గది. బయట నీడలో కూర్చుని గులాబీ కొమ్మలు కోసి సంచుల్లో గుచ్చుతున్నాడు. కత్తెర వాళ్ళదే, చేతికి పెద్దదైంది. నన్ను చూసి లేవబోయాడు. నేను కింద కూర్చున్నాను కాబట్టి ఆయనా కూర్చున్నాడు.

నువ్వు రాసిందంతా ఒక్క మాట మింగకుండా చెప్పాను. ఉడికించిన సంగతి, చీటీల సంగతి, అన్నీ. ఆయన కొమ్మలు గుచ్చుతూనే విన్నాడు. నేను ఆపాక, “మొదటి డబ్బా మూత తీసినప్పుడే తెలిసింది” అన్నాడు.

పై మడి డబ్బాల్లో తొలకరి పడ్డప్పటి మట్టి వాసన వచ్చిందట. కింది మడి డబ్బాల్లో ఉడికిన గంజి వాసన. ప్రాణం లేదని అక్కడే అర్థమైందట.

“మరి చెప్పలేదేం బాబాయ్?” అన్నాను.

“నువ్వడిగింది పోశావా లేదా అని. పోశాను, చెప్పాను. డబ్బాలో ఏముందని అడగలేదు కదా.”

నాకు తలకొట్టేసినట్టయింది. మళ్ళీ తనే అన్నాడు, “చిన్నమ్మాయ్ చేత్తో నింపిందన్నావు. కొత్త ఉద్యోగం, ఎక్కడో వేడి తగిలి ఉంటుంది, పిల్ల మాట పడుతుందని నోరు మూసుకున్నా. అది నా తప్పే. ఆ రోజే ఒక ముక్క చెప్పుంటే మడి బతికేది. ప్రాణం లేదని తెలిసీ పోశాను చూడు, రెండు వందల పాదులకీ.”

ఇక ఆ ఆరు తీగలు. పై మడి డబ్బాలు కడిగిన నీళ్ళు ఆరు పాదులకి సరిపోయాయట. మోయలేక, గేటు దగ్గరే పోశాడట. రెండు విడతలూ అంతే. నేను ఆయన్ని దొంగని చేసింది ఆ నీళ్ళతోనే.

చేతులు పట్టుకుని ఏడ్చాను. మళ్ళీ రమ్మన్నాను. రానన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు. “ఆ మాట పదిమందిలో అన్నావు పెద్దమ్మాయ్. పదిమందిలో మళ్ళీ కత్తెర కట్టుకోవాలంటే సిగ్గేస్తుంది” అన్నాడు. బతిమాలడానికి నాకు మొహం చెల్లలేదు. నేను చేసింది నాకు ఉంటుంది. నీది నీకు ఉంటుంది. ఉత్తరాలతో పోయేవి కావు.

లేచి వచ్చేస్తుంటే వెనక నుంచి పిలిచాడు.

“ఆ ఆరు తీగలకీ కత్తిరింపు వేళైంది. ఎవరు చేస్తున్నారు?”

ఎవరూ లేరన్నాను. ఆయన కత్తెర ముట్టుకోవడానికి నాకు చేతులు రావడం లేదన్నాను.

ఒక కొమ్మ తీసి దాని చిగురు కన్ను ఎటుందో చూసి, సంచిలో గుచ్చాడు. అప్పుడన్నాడు, “పనికైతే రాను. శనివారం వచ్చి గట్టు మీద కూర్చుంటా. చిన్నమ్మాయ్ చేత కోయించు. ఏడ్చినా సరే, ఈసారి ఎత్తుకుని తిప్పను.”

శనివారం పొద్దున్నే వచ్చెయ్. కత్తెర మేకుకే ఉంది.

అక్క